గంగ పోసిన చెరువు

2003 జనవరి 27, సోమవారం, పొద్దున ఏడు ముప్పావుకి మా తమ్ముడు ఊరి మంచినీళ్ల చెరువులోకి ఆయిల్ ఇంజను పైపు దించాడు. టైము నేను ఊహించి రాయడం లేదు. ఏడున్నర బస్సు ఆ రోజు ఆలస్యం కాకుండా వచ్చింది. అది పోయిన పావుగంటకి మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఖాళీ బిందెతో పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. నీళ్లకని వెళ్లి, నీళ్లు ముంచకుండానే తిరిగొచ్చింది.

"వదినా, మీ తమ్ముడు చెరువు కాడ ఇంజను దించుతున్నాడు. నేను చెబితే వినడు. మీరు రండి" అంది.

నేను పొయ్యి మీద ఎసరు పెట్టి ఉన్నాను. పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లి, ఆమె వెంట నడిచాను.

ఇంజను దించితే ఏమవుతుందో మా ప్రాంతం వాళ్లకి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకి చెప్పాలి. మాది సాగర్ కుడి కాలువ చివరి ఊళ్లలో ఒకటి. పైనున్న ఊళ్లన్నీ తడుపుకోగా మిగిలిందే మాకు వస్తుంది. కాలువ మా దాకా వచ్చేసరికి ఆడపిల్ల కూడా ఒక్క దూకులో దాటేంత అవుతుంది. బోరు వేస్తే నీళ్లు పడవని కాదు. పడతాయి, నోట్లో పోసుకోలేం. ఉప్పు ఒకటి, ఫ్లోరైడు ఒకటి. మా చెల్లెల్ని కనిగిరి అవతల ఊరికి ఇచ్చాం. అక్కడ బోరు నీళ్లే తాగుతారు. నలభై దాటగానే దాని మోకాళ్లు వంగిపోయాయి. కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి. ఆ భయం మా ఊళ్లో అందరికీ ఉంది కాబట్టి, తాగడానికి ఆ చెరువొక్కటే. ఏడాదికి రెండుసార్లు కాలువ నీళ్లతో నింపుతారు. అందులో గేదెల్ని దించరు, గుడ్డలుతకరు, కాలు కడగరు. దానికి ఇరవై రెండు మెట్లు. ఆ జనవరిలో పన్నెండు మెట్లు బయటపడ్డాయి. పది మెట్ల నీళ్లున్నాయి.

ఆ ఏడు పైరుకి కాలువ వదల్లేదు. తాగడానికి మాత్రం ఇంకోసారి వదులుతామన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

మా తమ్ముడు మూడెకరాల మిరప వేశాడు. తనది ఒకటి, కౌలుకి తీసుకున్నది రెండు. చెట్టు నిండా కాయ ఉంది, సగం పచ్చిది, సగం పండబోతున్నది. నల్లరేగడి చెయ్యి దూరేంత నెర్రెలిచ్చింది. ఒక్క తడి పడితే కాయ నిలుస్తుంది. పడకపోతే చెట్టు మీదే తాలైపోతుంది, అంటే రంగు రాక తెల్లబారి ఎందుకూ పనికిరాదు. తడి పెట్టడానికి ఊరి చుట్టుపక్కల ఉన్న నీళ్లు అవొక్కటే. అదీ సంగతి. చేను దక్కాలంటే చెరువు తగ్గాలి.

ఆ చేను నాటమని చెప్పింది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు నలభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. అప్పటిదాకా వేలిముద్రే. మా ఊళ్లో పెద్దవాళ్లకి బడి పెట్టినప్పుడు నేను వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. మిరపకాయలు కోసీ కోసీ మొద్దుబారిన వేళ్లకి బలపం ఆనేది కాదు. మొదటి అక్షరం తిన్నగా దిద్దడానికి మూడు రోజులు పట్టింది. భర్త పోయి పుట్టింటికి వచ్చినదాన్ని, అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచినదాన్ని, నాకు సిగ్గుపడే తీరిక లేదు. ఆరు నెలల్లో చదవడం వచ్చింది. ఇక ఏది కనబడితే అది చదివాను. బస్సు మీది ఊళ్ల పేర్లు, పురుగుమందు డబ్బాల మీది సన్నక్షరాలు, గోడల మీది సినిమా కాగితాలు. వెనక నుంచి నన్ను బోర్డులామె అని పిలిచేవాళ్లు. నాకు తెలుసు, పట్టించుకోలేదు.

మిరపకాయలకి తొడిమలు తీసే రోజుల్లో ఆడవాళ్లం పదిహేను ఇరవై మందిమి కళ్లంలో గుండ్రంగా కూర్చుంటాం. తుమ్ములూ దగ్గులూ మాటలూ. అక్షరాలు వచ్చాక నన్ను పేపరు చదవమని కూర్చోబెట్టేవాళ్లు. నా వాటా తొడిమలు వాళ్లు తీసేవాళ్లు. తర్వాత్తర్వాత మగవాళ్లు కూడా టీ బంకు దగ్గరికి రమ్మని చదివించుకున్నారు. నా నోట్లోంచి వచ్చింది నిజమని ఊరు నమ్మేది. నేనూ నమ్మేదాన్ని. చిన్నప్పుడు చదువుకున్నవాళ్లు పేపర్ని అనుమానిస్తారు. కష్టపడి నేర్చుకున్నదాన్ని, అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందని నాకు తోచలేదు.

2002 మే నెలాఖరున గుంటూరు నుంచి యాత్ర బస్సు ఒకటి బయల్దేరింది. బియ్యం, పచ్చళ్లు, వంటవాళ్లు అన్నీ బస్సులోనే. మా ఊరి నుంచి ఇద్దరం ఎక్కాం, నేనూ మా పెదనాన్న కొడుకూ. అన్నయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆయన చేను మా తమ్ముడి చేని పక్కనే. అక్షరాలు నేర్చుకోమంటే, "ఈ వయసులో నేర్చుకుని ఎవరికి ఉత్తరం రాయాలమ్మాయ్" అనే రకం.

గంగోత్రిలో బస్సు ఆగాక, గంగ పుట్టే చోటు ఇంకా పైన ఉంది, నడవగలిగినవాళ్లు వెళ్లి రావచ్చు అన్నారు. బస్సులో సగానికి పైగా అక్కడే స్నానాలు చేసి ఆగిపోయారు. మేమిద్దరం, ఇంకో నలుగురైదుగురు నడిచాం. పొలంగట్ల మీద నడిచిన కాళ్లు కాబట్టి కాళ్లు ఇబ్బంది పెట్టలేదు, ఊపిరే ఇబ్బంది పెట్టింది. నాలుగడుగులు వేసి ఆగడం, మళ్లీ నాలుగడుగులు.

దారి పక్కన పెద్ద పెద్ద బండల మీద రంగుతో అంకెలు రాసి ఉన్నాయి. నాలుగేసి అంకెలు. నేను ఆగి చదువుతుంటే అన్నయ్య, "కిలోమీటరు రాళ్లు గదా, వాటినేం చూస్తావు, పద" అన్నాడు.

"ఇన్ని వేల కిలోమీటర్లు ఎక్కడికి అన్నయ్యా, మళ్లీ మన ఊరికా" అన్నాను.

అవి సంవత్సరాలు. మొదట కనబడ్డ బండ మీద ఉన్నది నేను పుట్టకముందు ఏడు. చాలాదూరం ఎక్కాక ఇంకో బండ, దాని మీద నా పెళ్లికి కాస్త ముందు ఏడు. ఇంకా ఎక్కితే తమ్ముడి పెళ్లినాటిది. ఎవరో యాత్రికులు వచ్చిన గుర్తుకి రాసుకున్నారేమో అనుకున్నాను. మనవాళ్లు కోటగోడల మీదా కొండల మీదా రాస్తారు గదా, అట్లా.

అక్కడ గుడ్డ కప్పి టీ కాచే ఆయన ఒకడున్నాడు. ఆ కొండమనిషే. సైన్యంలో పనిచేసి కొన్నేళ్లు సికింద్రాబాదులో ఉన్నాడట, మన మాటలు విడివిడిగా వచ్చు. బండ మీది అంకెలు చూపించి ఇదేంటని అడిగాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఆ బండ చూపించి, "మంచు అప్పుడు ఇక్కడ" అన్నాడు. చెయ్యి చాచి, పైన మలుపు అవతల ఎక్కడో ఉన్నదాన్ని చూపించి, "ఇప్పుడు అక్కడ" అన్నాడు. ఆ మధ్య ఉన్నదంతా రాళ్లూ ఇసకా. ఒక ఊరు, ఊరి చుట్టూ పొలాలు పట్టేంత నేల. ఆయన చిన్నతనంలో వాళ్ల నాన్న టీ కాచిన చోటు కింద ఉందట. మంచు వెనక్కి పోయేకొద్దీ వచ్చేవాళ్లు ఇంకా పైకి వెళ్తున్నారు, వాళ్లతో పాటు టీ పొయ్యి కూడా పైకి జరుగుతోంది.

అన్నయ్య వాగు వంక చూశాడు. అది గట్లు కొట్టేస్తున్నట్టు పారుతోంది. "నీళ్లు ఇన్ని ఉన్నాయి గదా, తగ్గిందెక్కడ" అన్నాడు. నేను ఆ మాట టీ ఆయనకి చేతులతో చెప్పాను. ఆయన నవ్వాడు. "కరిగితే నీళ్లు ఎక్కువ. ఇప్పుడు ఎక్కువ. తర్వాత?" అన్నాడు.

విత్తనానికని దాచిన వేరుశెనక్కాయలు వేయించుకు తింటూ, ఈ ఏడు ఇంట్లో తిండికి లోటు లేదని మురిసినట్టే గదా ఇది అనుకున్నాను.

గంగ పుట్టేచోటు పటాల్లో ఉన్నట్టు తెల్లగా లేదు. పెద్ద మట్టిగోడలా ఉంది. మసి పట్టి, గులకరాళ్లు గుచ్చుకుని, కింద నీలంగా పగిలి ఉంది. ఎండ మాడుస్తోంది. మేం నిలబడి ఉండగానే ఇంటిగోడ కూలినంత చప్పుడుతో ఒక ముక్క విరిగి నీళ్లలో పడింది. తోటివాళ్లు దండాలు పెట్టారు. నేనూ పెట్టాను. పెడుతున్నంతసేపూ ఆ విరిగిన చోటే చూస్తున్నాను. తిరుగుదారిలో బండ నుంచి బండకి అంగలు లెక్కపెట్టాను, పొలం కొలిచినట్టు. కింది బండల మధ్య ఏళ్లు ఎక్కువ, అంగలు తక్కువ. పైబండల మధ్య ఏళ్లు తక్కువ, అంగలు ఎక్కువ. నేను తప్పు లెక్కపెట్టి ఉండొచ్చు. ఊపిరాడక మధ్యలో రెండుసార్లు లెక్క మర్చిపోయాను. కానీ మొత్తానికి తోచింది అది.

గంగోత్రిలో బస్సెక్కేముందు అన్నయ్య, "ఆ రాళ్ల సంగతి ఊళ్లో చెప్పబాకమ్మాయ్. యాత్రకి పోయొచ్చి గంగ ఎనక్కి పోతందని చెబుతారా ఎవరన్నా? మొహాన పేడనీళ్లు చల్లుతారు" అన్నాడు.

నేను సరే అన్నాను. మావైపు గంగకి పోయి వచ్చినవాళ్లకి ఒక మర్యాద ఉంది. ఊళ్లోకి రాగానే కాళ్లకి నీళ్లు పోసి దండం పెడతారు. సీలువేసిన గంగచెంబుకి పూజ చేసి, భోజనాలు పెట్టి, ఆ చెంబు అందరిముందూ విప్పుతారు. వచ్చినవాళ్లు చూసిన మంచే చెప్పాలి. దారిలో పడ్డ బాధ చెప్పకూడదు. చెడు అసలే చెప్పకూడదు. మా ఊళ్లో ఇంకో అలవాటు కూడా ఉంది. పంచగా మిగిలిన గంగని మంచినీళ్ల చెరువులో కలుపుతారు, యాత్రకి పోలేనివాళ్లకి కూడా దక్కాలని. జూన్ నెలలో ఆ చెంబు చెరువులో వంచింది నేనే. మెట్ల మీద ఆడవాళ్లంతా నిలబడ్డారు. ఒకామె, "ఇక మన చెరువు ఎండదులే" అంది. నేను విన్నాను. కాదనలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జూలై పోయింది, ఆగస్టు పోయింది. సాగర్‌లో నీళ్లు లేవన్నారు. ఇక్కడ ఒకటి చెప్పాలి. మా కృష్ణకీ ఆ మంచుకీ సంబంధం లేదు. కృష్ణ పడమటి కొండల్లో వానకి పుడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, బడిలో పటం చూపించి చెప్పారు. అయినా ఆ ఎండిన కాలువ చూసినప్పుడల్లా నాకు ఆ బండలే గుర్తొచ్చేవి. గంగంతటిదే వెనక్కి జరుగుతుంటే, వాన మీద బతికే మన కాలువకి ఏం దిక్కు అనిపించేది. ఎవరితోనూ అనలేదు.

అక్టోబరులో నాలుగు జల్లులు పడ్డాయి. నారు ముదిరిపోతోంది, నాటాలా మానాలా అని ఊరంతా ఊగిసలాట. ఆ రోజుల్లోనే పేపర్లో నదుల్ని కలపడం గురించి రాశారు. ఉత్తరాది నదుల నీళ్లు దక్షిణాదికి తెచ్చే ఆలోచన, గంగ నీళ్లు మనవైపు నదులకి. టీ బంకు దగ్గర నేనే చదివాను. ఆలోచన అని స్పష్టంగా ఉంది. ఆ మాట మెల్లగా చదివాను. గంగ అన్న మాట గట్టిగా చదివాను. కూర్చున్నవాళ్ల మొహాలు విప్పారాయి. ఒకాయన, ఇక మన చివరి భూములకి కూడా ఢోకా లేదన్నాడు. ఆ నీళ్లు పుట్టేచోటు కళ్లారా చూసొచ్చినదాన్ని, పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చి గడప మీద కూర్చున్నాడు. "అక్కా, నాటమంటావా" అని అడిగాడు. చిన్నప్పటి నుంచి వాడు ఏ పని చేసినా నన్ను అడిగే చేశాడు.

"నాటరా. ఎక్కడో ఒకచోటి నుంచి నీళ్లు రాకపోవు" అన్నాను.

వాడు నాటాడు. వాణ్ణి చూసి అన్నయ్య నాటాడు.

ఇక చెరువు దగ్గరికి వస్తాను. నేను వెళ్లేసరికి కట్ట మీద ఎడ్లబండిలో ఇంజను ఉంది. ఇంజను పక్క ఊరాయనది, దాన్ని అద్దెకి తిప్పుతుంటాడు. తమ్ముడు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పైపు కొసని రాయికి కడుతున్నాడు, అడుగు బురద లాగకుండా. మంచినీళ్ల చెరువులో ఒకరు కాలు పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. అన్నయ్య కట్ట మీద రబ్బరు పైపుల చుట్ట భుజాన వేసుకుని ఉన్నాడు. తమ్ముడి తర్వాత తడి ఆయనదే. పంచాయతీ నీళ్లు వదిలే ఆయన తాళాలగుత్తి చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నేను చూడగానే, ప్రెసిడెంటు గారు చూడనట్టు ఉంటానన్నారు, నన్నేం చెయ్యమంటావు అని గొణిగాడు. మెట్ల మీద నలుగురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. మా మరదలు నన్ను దాటుకుని దిగి, పక్కగా వెళ్లి బిందె ముంచుకుని నడుముకెత్తుకుంది.

"ఏందిరా ఇది" అన్నాను.

"ఒక్క తడక్కా. నాలుగు మెట్లు దిగుద్ది, అంతే. కాయ నా కళ్ల ముందే మాడిపోతంటే ఊరుకోమంటావా?"

"నీ తర్వాత?"

"తర్వాత అన్నయ్యది, ఎకరమే గదా."

"ఆయన తర్వాత?"

వాడు వంగి రాయి ముడి బిగించసాగాడు. ఊళ్లో మిరప వేసినవాళ్లు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. ఇంజను ఆయన బండి దిగి బీడీ వెలిగించి, ఏదో కబురు చెబుతున్నట్టు, వాళ్ల ఊరి చెరువు వారం కిందటే అడుగంటిందన్నాడు. అక్కడ కూడా నువ్వే ఇంజను పెట్టావా అని అడిగాను. "పెట్టా. మొదట నాదొక్కటే. మూడోనాటికి ఏడు దిగాయి" అన్నాడు. ఇప్పుడు వాళ్ల ఊరికి ట్యాంకర్ వస్తోందట, వచ్చిన రోజు వస్తోందట. ఆయన మాటలో దురుద్దేశం ఏమీ లేదు. అడిగినదానికి చెప్పాడు.

తమ్ముడు మెట్ల మీదికి వచ్చాడు. కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "నువ్వే గదక్కా ఇందులో గంగ పోశావు. గంగ పోసిన చెరువు ఎండుద్దా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. వాడు నిజంగానే అడిగాడు. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు తలలూపారు.

అప్పుడు చెప్పాను. ఎనిమిది నెలలు దాచింది ఆ మెట్ల మీద నిలబడి చెప్పాను. బండల మీది ఏళ్లు, టీ కాచే ఆయన మాట, మసిబారిన మంచు, విరిగిపడ్డ ముక్క. "నేను చెంబులో తెచ్చింది యాడ పుట్టుద్దో చూశానురా. అదే ఎనక్కి పోతంది. చెంబెడు గంగ మన చెరువుని ఆపలేదు" అన్నాను.

తమ్ముడు నన్ను చూస్తూ ఉన్నాడు. "మరి నన్ను నాటమని ఎందుకు చెప్పావక్కా" అన్నాడు.

ఊరు నా చదువుని నమ్మింది, ఆ మర్యాద పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది, మంచిమాట చెప్పి అందరూ మెచ్చుకుంటే బాగుంది. ఇవన్నీ నిజమే. ఆ మెట్ల మీద ఒక్కటీ నోట్లోంచి రాలేదు. తప్పు చేశానురా అని మాత్రం అన్నాను.

వాడు అన్నయ్య వైపు తిరిగాడు. "నువ్వు గూడా పోయావు గదా. అక్క చెప్పేది నిజమేనా?"

అన్నయ్య ఒక్క మాటతో నన్ను అబద్ధాలకోరుని చెయ్యగలడు. అవి కిలోమీటరు రాళ్లేలే అంటే చాలు, ఇంజను తిరుగుతుంది, మధ్యాహ్నానికి ఆయన ఎకరం కూడా తడుస్తుంది. ఆయన మా తమ్ముడి చేని వైపు చూశాడు, తన చేని వైపు చూశాడు. కట్ట మీద నుంచి రెండూ కనబడతాయి. పైపుల చుట్ట భుజం మార్చుకున్నాడు.

"రాళ్లున్నాయిరా" అన్నాడు. "కిలోమీటరు రాళ్లని నేనే అన్నా. కావు. చెప్పొద్దన్నది గూడా నేనే."

చుట్టని కట్ట మీద పడేశాడు.

తమ్ముడు అప్పుడూ ఆగలేదు. మొండితనం మా ఇంట్లో అందరిదీ. ఇంజను దగ్గరికి నడిచాడు. పంపు నీళ్లు లాగాలంటే మొదట పైనుంచి బిందెడు నీళ్లు పోసి నింపాలి, లేకపోతే ఉత్తగాలి కొడుతుంది. మా మరదలి నడుము మీద నిండుబిందె ఉంది. వాడు చెయ్యి చాచి, "ఆ బిందె ఇటియ్యి" అన్నాడు.

ఆమె ఇవ్వలేదు. బిందె అంచు మీద చెయ్యి గట్టిగా వేసుకుంది. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి మగడి మాటకి ఎదురు చెప్పడం నేను వినలేదు. ఆ చేలో కలుపు తీసింది, మందు కొట్టింది, ఇంకో పది రోజుల్లో కాయ కొయ్యబోయేదీ ఆమే. చేను ఎండిపోతే అందరికంటే ముందు ఏడ్చేది ఆమే.

"ఇది తాగేదానికి" అంది. "కనిగిరి వదినని చూసొచ్చినాక నాకు బోరు నీళ్లంటే భయం. నే నీళ్లియ్యను."

బకెట్ ముంచుకుని పోసుకోవచ్చు, అక్కడే ఉంది. వాడు ఆ బకెట్ వైపు చూశాడు. ఇంజను ఆయన బీడీ ఆర్పి, హ్యాండిలు తిప్పేదా వద్దా అని ఎదురుచూస్తున్నాడు. తమ్ముడు నా వైపు తిరిగి, "మరి నా చేను?" అన్నాడు.

నేను మాటలు మెత్తగా చెప్పడం నేర్చుకోలేదు. "పోనీరా" అన్నాను.

వాడు నీళ్లలోకి దిగాడు. రాయి విప్పి పైపు బయటికి లాగాడు. దాన్ని మెట్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా ఇంటిదారి పట్టాడు.

చేను పోయింది. ఫిబ్రవరిలో ఎండలు ముందే ముదిరాయి. కాయ చెట్టు మీదే తెల్లబారింది. అన్నయ్య ఎకరం కూడా అంతే. దక్కిన కాసిని కాయలకి కళ్లంలో తొడిమలు తీస్తుంటే పేపరు చదవమని ఎవరూ అడగలేదు. నేనూ తీసుకెళ్లలేదు.

మార్చి రెండో వారంలో కాలువకి తాగునీళ్లు వదిలారు. మేం అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. ఆ నీళ్లు చెరువులో పడే రోజు తమ్ముడు వెళ్లి మెట్లు లెక్కపెట్టి వచ్చాడు. ఇంకా ఐదు మెట్ల నీళ్లు ఉన్నాయి. మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, "ఒక్క తడి సరిపోయేదక్కా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తడి ఒకటైతే సరిపోయేది నిజమే. పదకొండు మందీ ఇంజన్లు దించితే సరిపోయేది కాదు, అదీ నిజమే. కాలువ ఇంకో నెల రాకపోతే ఏమయ్యేది? ఈ మూడూ నా బుర్రలో ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి. వాడికి మజ్జిగ ఇచ్చాను, తాగి వెళ్లాడు. మరుసటి ఏడు ఏం వెయ్యాలో నన్ను అడగలేదు. శనగ వేశాడు, నీళ్లు అంతగా అడగని పంటని.

తర్వాత ఏళ్లలో పేపర్లో హిమానీనదాలు అన్న మాట తరచు రావడం మొదలైంది. మొదటిసారి ఆ మాట కూడబలుక్కుని చదవడానికి నాకు కాస్త టైము పట్టింది. అవి తరుగుతున్నాయని రాసేవాళ్లు, ఉత్తరాన కోట్లమంది వాటి మీదే బతుకుతున్నారని రాసేవాళ్లు. టీ బంకు దగ్గర అట్లాంటి వార్త పైకి చదివితే జనం లేచిపోయేవాళ్లు. ఇంకో పేజీ చదవమనేవాళ్లు. నేను ఆ పేజీయే చదివేదాన్ని. ఆ బండల దగ్గర ఇప్పుడు ఇంకో రెండు కొత్త బండలకి రంగు వేసి ఉంటారు. టీ పొయ్యి ఎంత దూరం జరిగిందో. ఎండాకాలం వస్తే చాలు, ఎవరూ పంపకపోయినా చెరువు దగ్గరికి పోయి మెట్లు చూసి వస్తాను. ఒక్కో పొద్దున రెండుసార్లు పోతాను. రెండోసారికి మెట్టు తగ్గదని తెలుసు, అయినా పోతాను.

ఇప్పుడు మా ఊళ్లో ఆ రోజు గురించి అడిగితే, ప్రతివాళ్లూ నేనూ ఉన్నాను, నేనూ అడ్డుపడ్డాను అంటారు. కొందరు మా తమ్ముణ్ణి నలుగురు పట్టుకుని ఆపారని కూడా చెబుతారు. ఎవరూ పట్టుకోలేదు. పైపు దించింది వాడే, తీసింది వాడే. ఆ రోజు చెరువు దగ్గర ఉన్నది వీళ్లు. నేను. మా తమ్ముడు. నిండుబిందెతో మా మరదలు. మా పెదనాన్న కొడుకు అన్నయ్య. తాళాలగుత్తితో పంచాయతీ నీళ్లాయన. ఇంజను తెచ్చిన పక్క ఊరాయన. మెట్ల మీద నలుగురు ఆడవాళ్లు: చాకలి వీధి నుంచి అత్తాకోడళ్లు ఇద్దరు, బడి పక్కింటి నిండుచూలాలు, ఇంకా కళ్లు సరిగా కనబడని మా మేనత్త, ఆమెకి ఏం జరుగుతోందో పక్కనున్న ఆ చాకలి వీధి కోడలు చెవిలో చెబుతూ ఉంది.